ఎర్రర్ చూపకుండా ఆగిపోయే కంప్యూటర్: ఫార్మాట్ కంటే ముందు చూడాల్సినవి

క్లుప్తంగా

కంప్యూటర్ ఏ సందేశమూ ఇవ్వకుండా బిగుసుకుపోతోందంటే, సందేశం రాయాల్సిన భాగమే ముందు ఆగిపోయిందని అర్థం. అలాంటప్పుడు ఆధారాలు తెర మీద దొరకవు. ఏ వేళలో ఆగింది, ఏ పని చేస్తుండగా ఆగింది, ఆ క్షణంలో ఇంట్లో కరెంటు పరిస్థితి ఏమిటి అన్నవే దారి చూపుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇళ్లలో వోల్టేజీ పడిపోవడం, ఎర్తింగ్ సరిగా లేకపోవడం, తీరపు తేమ, ఎండ కలిసి యంత్రాన్ని బలహీనపరుస్తాయి. విండోస్ మళ్లీ వేయించడం వల్ల వీటిలో ఏదీ మారదు.

సమస్య ఎలా కనిపిస్తుంది

ఉద్యోగ నోటిఫికేషన్‌కు దరఖాస్తు నింపుతుండగా మౌస్ బాణం ఆగిపోతుంది. కీబోర్డు పనిచేయదు. తెర మూలనున్న గడియారంలో నిమిషం మారదు. లోపల ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నీలం తెర రాదు, హెచ్చరికా రాదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపి, మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా పనిచేస్తుంది. రెండు గంటలకో, రెండు రోజులకో మళ్లీ అదే జరుగుతుంది.

2020 తరువాత ఆన్‌లైన్ తరగతులు, ఇంటి నుంచి ఉద్యోగాలు, పోటీ పరీక్షల కోచింగ్ వీడియోలు కలిసి టెక్కలి, పలాస, రాజాం, బొబ్బిలి లాంటి పట్టణాల్లోనే కాక చుట్టుపక్కల ఊళ్లలో కూడా ఇంటి కంప్యూటర్‌ను అవసరమైన వస్తువుగా మార్చాయి. వీటిలో అసెంబుల్డ్ సిస్టమ్‌లు, ఆఫీసుల్లో వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్ యంత్రాలు తక్కువేమీ కాదు. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత యంత్రం ఆగిపోతుంటే బాగు చేయించాలా, పక్కన పెట్టి కొత్తది కొనాలా అన్న ప్రశ్న అందువల్ల ఇప్పుడు ఇంకా గట్టిగా ఎదురవుతోంది.

సర్వీసు షాపుకు తీసుకెళ్తే తరచూ వినిపించే సమాధానం ఒకటే: ఓఎస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ సందేశం లేని హ్యాంగ్‌కు అది మొదటి మందు కాకూడదనడానికి బలమైన సాంకేతిక కారణాలున్నాయి.

సందేశం ఎందుకు రాదు

నీలం తెర చాలామందికి భయం కలిగిస్తుంది గానీ, అది ఒక క్రమపద్ధతిలో జరిగే పని. విండోస్ కెర్నల్, అంటే దాని కీలక భాగం, తన లెక్కలో ఏదో పొసగలేదని గుర్తిస్తుంది, మిగతా పనులన్నీ ఆపేస్తుంది, ఎర్రర్ సంఖ్యను తెర మీద రాస్తుంది, మెమరీలో ఉన్నదాన్ని డిస్క్‌లోకి దించుతుంది. ఇదంతా జరగాలంటే ప్రాసెసర్ నడుస్తూ ఉండాలి, మెమరీ నమ్మదగ్గదిగా ఉండాలి, డిస్క్ జవాబు ఇవ్వాలి. నీలం తెర వచ్చిందంటే యంత్రంలో ఎక్కువ భాగం అప్పటికి బతికే ఉన్నట్టు.

నిశ్శబ్దంగా ఆగిపోయినప్పుడు ఆ అవకాశం ఉండదు. ప్రాసెసర్ ఒక భాగాన్ని ఏదో అడిగి, ఎన్నటికీ రాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. వోల్టేజీ ఒక్క క్షణం తగ్గి లోపలి సర్క్యూట్ అర్థం లేని స్థితిలో చిక్కుకోవచ్చు. మెమరీలో ఒక్క బిట్ తారుమారై, ప్రోగ్రామ్ అంతులేని చక్రంలో పడవచ్చు. ఏది జరిగినా తరువాతి ఆదేశం నడవదు. ఆదేశం నడవనప్పుడు ఎర్రర్ రాయడం కూడా జరగదు.

సర్వర్లలో ఇలాంటి పరిస్థితికి విరుగుడు ముందే ఉంటుంది. వాటి ఈసీసీ మెమరీ ప్రతి 64 బిట్ల డేటాకు సాధారణంగా 8 బిట్లు అదనంగా దాచి, ఒక బిట్ తప్పయితే దిద్దుతుంది, రెండు తప్పయితే గుర్తించి నమోదు చేస్తుంది. వాచ్‌డాగ్ అనే విడి సర్క్యూట్, నిర్ణీత కాలంలో యంత్రం నుంచి పలుకు రాకపోతే తానే రీస్టార్ట్ చేస్తుంది. ఇంటి కోసం కొనే సాధారణ డెస్క్‌టాప్‌లో ఈసీసీ మెమరీ ఉండదు. అందులో ర్యామ్ తప్పు చెప్పినా, అది తప్పని ఎవరికీ తెలియదు.

మళ్లీ ఆన్ చేశాక ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) తెరిస్తే ‘కెర్నల్-పవర్ 41’ అన్న ఎర్ర గుర్తు కనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగి, అదే జబ్బు అనుకుని దానికి చిట్కాలు వెతుకుతారు. ఆ నమోదు హ్యాంగ్ అయిన క్షణంలో రాసింది కాదు. తిరిగి లేచాక, కిందటిసారి పద్ధతిగా షట్‌డౌన్ కాలేదని విండోస్ చేసుకున్న గుర్తు మాత్రమే. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే నీలం తెర నమోదు కాలేదని అర్థం. అంతకు మించి కారణం గురించి అది ఏమీ చెప్పదు. చూడాల్సింది దానికి ముందున్న కొన్ని నిమిషాలను. అక్కడ డిస్క్ పేరుతోనో, దాని కంట్రోలర్ డ్రైవర్ పేరుతోనో 7, 129, 153 సంఖ్యలున్న నమోదులుంటే డిస్క్‌నో దాని కేబుల్‌నో అనుమానించాలి. డిస్‌ప్లే పేరుతో 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఒకసారి ఆగి తేరుకుందని అర్థం. ‘డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్’ (WHEA-Logger) పేరుతో నమోదులుంటే హార్డ్‌వేరే ఫిర్యాదు చేసింది. ఏమీ లేకపోవడం కూడా ఒక సమాచారమే. అప్పుడు కరెంటు, మదర్‌బోర్డు, ర్యామ్ వైపు అనుమానం పెరుగుతుంది.

పూర్తిగా ఆగిందా, ఎదురుచూస్తోందా

వాడేవారికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కారణాలు మాత్రం వేరు. కాబట్టి పవర్ బటన్ మీద చెయ్యి వేసే ముందు ఒకటి రెండు నిమిషాలు చిన్న పరీక్షలకు కేటాయించడం మంచిది.

క్యాప్స్ లాక్ నొక్కి కీబోర్డు మీది దీపం చూడాలి. ఆ దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు, ఆపరేటింగ్ సిస్టమ్. దీపం మారుతోందంటే కెర్నల్ ఇంకా నడుస్తోంది, చిక్కు తెర దగ్గరో డిస్క్ దగ్గరో ఉంది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. తెర తేరుకుంటే గ్రాఫిక్స్ వైపు వెతకాలి. దీపం అసలు మారకపోతే, పాట ముక్క ఒకటే గరగరమంటూ తిరిగి తిరిగి వినిపిస్తుంటే, యంత్రం పూర్తిగా ఆగినట్టే. సౌండ్ సర్క్యూట్ తన దగ్గర మిగిలిన చివరి ముక్కనే వినిపిస్తుంటుంది, కొత్తది అందించేవారు లేరు.

క్యాబినెట్ ముందున్న డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూ ఉంటే, చాలాసార్లు అది హ్యాంగ్ కాదు, ఎదురుచూపు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే, చోటు చాలక విండోస్ మెమరీని డిస్క్‌లోకి దించి ఎక్కిస్తూ ఉంటుంది. పాత హార్డ్‌డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న డేటాను సెకనుకు 100 సార్ల దాకా మాత్రమే అందించగలదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు పదుల వేలసార్లు చేస్తుంది. ఇలాంటి యంత్రానికి ఎస్‌ఎస్‌డీ, మరో 4 జీబీ ర్యామ్ వేయిస్తే ‘హ్యాంగ్’ మాయమవుతుంది. ఇది జబ్బు కాదు, శక్తి చాలకపోవడం.

దీపం వెలుగుతూ, లోపల టిక్ టిక్‌మనే చప్పుడు కూడా వస్తుంటే సంగతి వేరు. డెస్క్‌టాప్ హార్డ్‌డిస్క్ చెడిన సెక్టర్ (డేటా దాచే చిన్న గడి) ఎదురైనప్పుడు వెంటనే ఓటమి ఒప్పుకోదు. పదుల సెకన్ల పాటు అదే చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. అంతసేపూ విండోస్ దాని కోసం కాచుకుని ఉంటుంది. చివరికి చదవగలిగితే ఏ ఎర్రరూ రాకుండానే అంతా మళ్లీ కదులుతుంది.

షాపులో బాగుంది, ఇంట్లో ఆగిపోతోంది

ఈ ఫిర్యాదును చాలామంది షాపువారి నిర్లక్ష్యంగానో, తమ దురదృష్టంగానో తీసుకుంటారు. నిజానికి ఇంతకన్నా విలువైన ఆధారం మరొకటి దొరకదు. యంత్రం అదే, విండోస్ అదే, అయినా చోటు మారితే ప్రవర్తన మారిందంటే తేడా చోటులోనే ఉంది.

షాపు బల్ల మీద యంత్రం మూత తీసి ఉంటుంది, గాలి ఆడుతుంది. మన ప్రింటరు, మన యూఎస్‌బీ స్పీకర్లు దానికి తగిలించి ఉండవు. ప్లగ్ వేరు, దాని వెనక ఎర్తింగ్ వేరు, యూపీఎస్ వేరు. ఆటోలోనో బండి మీదనో వెళ్లేటప్పుడు కుదుపులకు వదులుగా ఉన్న ర్యామ్, కేబుళ్లు సర్దుకుని ఉండవచ్చు. ఫార్మాట్ చేస్తే ఫైళ్లు డిస్క్ మీద వేరే చోటికి చేరతాయి, చెడిన సెక్టర్ కొన్నాళ్లు ఎవరికీ ఎదురుకాదు. పైగా చదవలేకపోయిన సెక్టర్ మీద కొత్తగా ఏదైనా రాస్తే, అవసరమైతే డిస్క్ తానే దాన్ని పక్కకు తప్పించి ప్రత్యామ్నాయ సెక్టర్‌ను వాడుకుంటుంది. ఫార్మాట్ ‘పనిచేసింది’ అనిపించే వారం పది రోజుల ఉపశమనం వెనక ఇన్ని వేర్వేరు కారణాలుండవచ్చు. విండోస్ చెడిపోయి ఉండటం వాటిలో ఒకటి మాత్రమే.

ఇంటికీ షాపుకూ ఉన్న తేడాల్లో మొదట చూడాల్సింది కరెంటు. మన దేశంలో ఇళ్లకు వచ్చే నిర్ణీత వోల్టేజీ 230, ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, లైను చివర ఉన్న ఇంట్లో సాయంత్రం వేళ అందరూ ఫ్యాన్లు, మోటార్లు వేసినప్పుడు అది బాగా కిందికి జారుతుంది. ఇంట్లోనే బోరు మోటారు, ఫ్రిజ్ మొదలైన క్షణంలో కూడా పతనం ఉంటుంది. నేరుగా స్టార్ట్ అయ్యే ఇండక్షన్ మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. లైటు ఒక్కసారి మసకబారిందంటే కారణం అదే.

ఆ క్షణాన్ని కంప్యూటర్ చేత దాటించే భాగం ఎస్‌ఎంపీఎస్, అంటే క్యాబినెట్‌లోని పవర్ సప్లై డబ్బా. దానిలోని పెద్ద కెపాసిటర్ కాస్త కరెంటును నిల్వ ఉంచుకుంటుంది. డెస్క్‌టాప్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణాల ప్రకారం సరఫరా తెగినా సుమారు 16 మిల్లీసెకన్ల పాటు అది బోర్డును నిలబెట్టాలి. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవృత్తం 20 మిల్లీసెకన్లు. అంటే ఉన్న గడువే చాలా తక్కువ. మామూలు లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ బ్యాటరీకి మారడానికి 4 నుంచి 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ దీన్ని తేలిగ్గా దాటేస్తుంది. కెపాసిటర్ పాతబడి సగం సత్తువ పోయిన ఎస్‌ఎంపీఎస్ దాటలేకపోవచ్చు. సరఫరా పూర్తిగా పడిపోతే యంత్రం రీస్టార్ట్ అవుతుంది. పూర్తిగా పడిపోకుండా హద్దు దగ్గర ఊగిసలాడితే హ్యాంగ్ అవుతుంది. రీస్టార్ట్‌లు, హ్యాంగ్‌లు రెండూ కలిసి వస్తున్న యంత్రంలో మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద పడటానికి కారణం ఇదే.

కెపాసిటర్ ఆయుష్షుకు ఇంజనీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలకు రేటింగ్ ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర సుమారు 32,000 గంటలు, 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు మన్నుతుంది. రోజుకు 8 గంటలు వాడితే మొదటిది దాదాపు 11 ఏళ్లు, రెండోది అయిదున్నరేళ్లు. గాలి ఆడని బల్ల అరలో క్యాబినెట్‌ను దూర్చడం వల్ల జరిగే నష్టం ఈ తేడాలో కనిపిస్తుంది.

ఇంటి ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపేవారు మరో సంగతి చూసుకోవాలి. చాలా ఇన్వర్టర్లకు వెనక వైపు రెండు మోడ్‌ల స్విచ్ ఉంటుంది. మామూలు మోడ్‌లో వోల్టేజీ బాగా కిందికి జారేదాకా అది లైను మీదే ఉంచుతుంది, బ్యాటరీకి మారడంలోనూ ఆలస్యం చేస్తుంది. ఫ్యాన్లకు, లైట్లకు అది చాలు. కంప్యూటర్‌కు యూపీఎస్ మోడ్ కావాలి. స్క్వేర్ వేవ్ ఇచ్చే పాత ఇన్వర్టర్లతో యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉన్న కొత్త ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని సరిగా పొసగవు. సైన్ వేవ్ ఇన్వర్టర్‌తో ఈ ఇబ్బంది ఉండదు.

ల్యాప్‌టాప్‌తో పోల్చి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ల్యాప్‌టాప్‌లోని బ్యాటరీయే యూపీఎస్‌లా పనిచేస్తుంది. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ అదే గదిలో, అదే ప్లగ్ మీద ఇబ్బంది లేకుండా నడుస్తూ, డెస్క్‌టాప్ మాత్రం ఆగిపోతుంటే కరెంటు మీద అనుమానం బలపడుతుంది. ల్యాప్‌టాపే ఆగిపోతుంటే లైను వోల్టేజీని దాదాపు పక్కన పెట్టి వేడి, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, డ్రైవర్ల వైపు వెళ్లవచ్చు.

క్యాబినెట్ తాకితే జిల్లుమనడం

ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోందన్న ఫిర్యాదును చాలా ఇళ్లలో అలవాటుగా తీసుకుంటారు. అది ఎర్తింగ్ లేదన్న సూచన. ఎస్‌ఎంపీఎస్ లోపలికి వచ్చే చోట ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లుంటాయి. ఎర్త్ తీగ ఉంటే వాటి గుండా వచ్చే లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ బాడీ 230లో సగం దగ్గర, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు మోతాదు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. అయితే వేరే ప్లగ్ మీద ఉన్న ప్రింటరునో, కేబుల్ టీవీ బాక్సునో దీనికి కలిపినప్పుడు, ఆ తేడా అంతా సన్నని డేటా కేబుల్ గుండా సర్దుబాటు కావాల్సి వస్తుంది. యూఎస్‌బీ తెగి కలవడం, తెర మిణుకుమనడం, ఏ కారణమూ లేని హ్యాంగ్ ఇలాంటి చోట సహజం.

మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల అడాప్టర్ గుండా పెట్టడం, పాత ఇళ్లలో మూడో రంధ్రం వెనక తీగే లేకపోవడం మామూలు లోపాలు. తీగ ఉన్నా ఎర్త్ గుంత ఎండిపోతే ఫలితం తగ్గుతుంది. తీరపు ఇసుక నేల నీటిని నిలుపుకోదు, ఎండిన ఇసుకకు విద్యుత్ నిరోధం చాలా ఎక్కువ. అందుకే వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోయాలని ఎలక్ట్రీషియన్లు చెబుతారు. కంప్యూటర్ కన్నా ముందు ఇది ఇంట్లోవాళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయం. హ్యాంగ్ సమస్య ఉన్నా లేకపోయినా దీన్ని సరిచేయించుకోవాలి.

ఉప్పుగాలి, ఎండ

శ్రీకాకుళం జిల్లాకు ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా పొడవైన తీరం ఉంది. విజయనగరం జిల్లాకు భోగాపురం, పూసపాటిరేగ మండలాల వైపు కొంత తీరం ఉంది. సముద్రపు గాలి వెంట వచ్చే సన్నని ఉప్పు, ఫ్యాన్ లోపలికి లాక్కునే దుమ్ముతో కలిసి బోర్డు మీద పొరలా పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు ఈ పొర పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని కరగడం మొదలవుతుంది. అప్పుడు అదే పొర కరెంటును కొద్దికొద్దిగా పారనిచ్చే దారి అవుతుంది.

బారువ, కళింగపట్నం, భావనపాడు లాంటి ఊళ్లలో వానాకాలపు తెల్లవారుజామున తేమ ఆ హద్దును దాటడం మామూలే. దీనికి ఒక ప్రత్యేకమైన తీరు ఉంటుంది. ఉదయం మొదటిసారి ఆన్ చేయగానే రెండు మూడుసార్లు ఆగిపోతుంది, అరగంట నడిచి లోపల వేడెక్కి ఆరాక సాయంత్రం దాకా ఇబ్బంది పెట్టదు. వేడి వల్ల వచ్చే సమస్య దీనికి సరిగ్గా వ్యతిరేకం. మొదట బాగుండి, గంట రెండు గంటల తరువాత మొదలై, మధ్యాహ్నం ఎక్కువై, రాత్రి తగ్గుతుంది. హ్యాంగ్ అయిన వేళలను కాగితం మీద రాసుకుంటే ఈ రెండింటినీ ఖర్చు లేకుండానే వేరు చేయవచ్చు.

ప్రాసెసర్ వేడి గురించి ఒక అపోహ ఉంది. ఇప్పటి ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లో తామే వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ తగ్గకపోతే యంత్రాన్ని ఆపేస్తాయి. అంటే ప్రాసెసర్ ఒక్కటే కాగిపోతే కనిపించేది నెమ్మదించడం, తరువాత షట్‌డౌన్. వేడి వేళ హ్యాంగ్ అవుతుంటే బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాలను, చిప్‌సెట్‌ను, ఎస్‌ఎస్‌డీని, గ్రాఫిక్స్ కార్డును కూడా అనుమానించాలి. మూత తీసి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి ఒక రోజు నడిపి చూడటం దీనికి చాలా చవకైన పరీక్ష.

ర్యామ్ కడ్డీ అంచును రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం మన షాపుల్లో పాత అలవాటు. చాలాసార్లు అది పనిచేస్తుంది కూడా, ఎందుకంటే తీసి పెట్టడంతోనే కాంటాక్టుల మీది మైల పోతుంది. కానీ ఆ అంచు మీది బంగారు పూత మైక్రాన్ కన్నా పలుచన. రుద్దిన కొద్దీ అరిగి, కింది లోహం ఉప్పుగాలికి బయటపడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, స్లాట్‌ను బ్లోయర్‌తో ఊది, ఆరాక పెట్టడం మేలు.

తయారీ నుంచే వచ్చే లోపాలు

ఇంటిదీ కాదు, వాతావరణానిదీ కాదు అన్న రకం కూడా ఉంది. విండోస్ 95, 98లలో మిల్లీసెకన్లు లెక్కించే 32 బిట్ల లెక్క నిండిపోవడంతో 49.7 రోజుల తరువాత యంత్రం ఆగిపోయేది. క్రూషియల్ ఎం4 ఎస్‌ఎస్‌డీలు మొత్తం 5,184 గంటలు వాడాక ఆగిపోయి, రీస్టార్ట్ చేసినా గంట గంటకూ మళ్లీ ఆగిపోయేవి. 2012 జనవరిలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌తో, అంటే ఎస్‌ఎస్‌డీ లోపలి ప్రోగ్రామ్‌తో, అది సరైంది. కొన్ని రైజెన్ యంత్రాల్లో ఎఫ్‌టీపీఎం అనే భద్రతా సదుపాయం వల్ల ఉండుండి తడబాటు వస్తోందని ఏఎండీ 2022లో అంగీకరించి బయోస్ (ఆన్ చేయగానే మదర్‌బోర్డు ముందుగా నడిపే ప్రోగ్రామ్) సవరణలు ఇప్పించింది. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని అస్థిరతకు ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. వీటిలో ఏదీ ఫార్మాట్‌తో పోయేది కాదు. మదర్‌బోర్డు మోడల్ పేరు చూసుకుని, తయారీదారు సైట్‌లో బయోస్, ఎస్‌ఎస్‌డీ ఫర్మ్‌వేర్ కొత్తవి ఉన్నాయేమో చూస్తే సరిపోతుంది. బయోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోయే ప్రమాదం ఉంది కాబట్టి, యూపీఎస్ లేని ఇంట్లో ఆ పని చేయకూడదు.

పరీక్షల వరుస

అన్నిటికన్నా ముందు ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, పని ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి. కారణం డిస్కే అయితే ప్రతి పరీక్షా దాన్ని ఇంకాస్త అరగదీస్తుంది.

తరువాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడాలి. రీఅలొకేటెడ్ సెక్టర్లు, కరెంట్ పెండింగ్ సెక్టర్లు అన్న వరుసల్లో సున్నా ఉండాలి. పెండింగ్ సంఖ్య రోజురోజుకూ పెరుగుతుంటే ఆ డిస్క్‌ను నమ్మడానికి లేదు. సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిందని చూపే లెక్క) సంఖ్య మాత్రమే పెరుగుతుంటే డిస్క్ కన్నా ముందు సాటా కేబుల్ మార్చి చూడాలి, అది చాలా తక్కువ ఖర్చు.

ర్యామ్‌కు మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌తోనో స్లాట్‌తోనో తేడా ఉన్నట్టే, ఇందులో ‘కొద్దిగా ఫర్వాలేదు’ అన్నది లేదు. రెండు కడ్డీలుంటే ఒక్కొక్కటే ఉంచి నడపాలి. ఎర్రర్ రాకపోతే మాత్రం ర్యామ్ నిర్దోషి అని పూర్తిగా తేలినట్టు కాదు, అనుమానం తగ్గుతుందంతే.

విండోస్‌దా, హార్డ్‌వేర్‌దా అన్నది తేల్చే గట్టి పరీక్ష మరొకటి ఉంది. డిస్క్ కేబుల్ తీసేసి, పెన్‌డ్రైవ్ మీంచి ఉబుంటు లాంటి లైవ్ లినక్స్‌తో, అంటే డిస్క్‌లో వేయకుండానే నడిచే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో, యంత్రాన్ని నడపాలి. బ్రౌజర్‌లో వీడియోలు పెట్టి మామూలుగా వాడాలి. అప్పుడూ ఆగిపోతే విండోస్‌కూ, ఆ డిస్క్‌కూ సంబంధం లేనట్టే. ఫార్మాట్ ఖర్చు, డేటా నష్టం అక్కడే తప్పుతాయి. ఆగకపోతే డిస్క్, డ్రైవర్లు, విండోస్ అనుమానితుల జాబితాలో మిగులుతాయి.

ఎస్‌ఎంపీఎస్‌ను మల్టీమీటర్‌తో పరీక్షించడం సగం పరీక్షే. 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి, అది దాటితే మార్చాల్సిందే. లోపల ఉన్నా మీటరు చూపేది సగటు మాత్రమే. కెపాసిటర్ పాతబడితే వచ్చే సూక్ష్మమైన అలలను అది పట్టుకోలేదు. తెలిసినవారి దగ్గర బాగున్న ఎస్‌ఎంపీఎస్ అడిగి కొన్నాళ్లు పెట్టి చూడటమే నమ్మకమైన పద్ధతి. దాన్ని విప్పి లోపల బాగు చేసే ప్రయత్నం ఇంట్లో చేయకూడదు. ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ఒకసారికి ఒక్కటే మార్చాలి. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ రెండూ ఒకేరోజు మారిస్తే సమస్య పోయినా ఏది దోషో తెలియదు, బాగున్న భాగానికి డబ్బు పోతుంది.

మార్చాక ఎన్నాళ్లు వేచి చూడాలన్నది చాలామంది తప్పుగా అంచనా వేసే చోటు. సగటున మూడు రోజులకు ఒకసారి ఆగే యంత్రం, ఏమీ మార్చకపోయినా ఒక రోజంతా బాగా నడవడం పెద్ద వింత కాదు. ఆగడం నిజంగా యాదృచ్ఛికమైతే, సగటు విరామానికి మూడు రెట్ల కాలం ఆగకుండా నడిచినప్పుడు అది కేవలం అదృష్టం అయ్యే అవకాశం సుమారు 5 శాతానికి తగ్గుతుంది. మూడు రోజుల విరామం ఉన్న యంత్రాన్ని తొమ్మిది రోజులు చూడాలి. సర్వీసు షాపులో రెండు గంటలు నడిపి ‘ఓకే’ అనడం ఈ లెక్కలో ఎక్కడా నిలవదు. షాపువారికి చెప్పేటప్పుడు ‘హ్యాంగ్ అవుతోంది’ అని ఊరుకోకుండా, ఏ వేళ, ఎంతసేపటికి, క్యాప్స్ లాక్ దీపం మారిందా, అప్పుడు మోటారు నడుస్తోందా అన్న చీటీ ఇస్తే వాళ్ల పని కూడా సగం తగ్గుతుంది.

ఫార్మాట్ వంతు, మరమ్మతు హద్దు

లైవ్ లినక్స్‌లో ఎన్ని రోజులైనా ఆగక, డిస్క్ ఆరోగ్యంగా తేలి, విండోస్‌లో మాత్రమే ఆగుతుంటే అప్పుడు డ్రైవర్లు, ఇటీవల వేసిన ప్రోగ్రాములు, రెండేసి యాంటీవైరస్‌లు చూసుకుని, చివరికి కొత్తగా విండోస్ వేయించడం సబబు. అప్పటికి డేటా కాపీ చేతిలో ఉంటుంది.

అన్నీ తేలి చివరికి మదర్‌బోర్డే మిగిలితే నిర్ణయం మారుతుంది. డీడీఆర్3 ర్యామ్ కాలపు బోర్డు పోతే, కొత్త బోర్డుకు పాత ర్యామ్ సరిపోదు, సాధారణంగా పాత ప్రాసెసరూ కూర్చోదు. మూడూ కొనాలి. 8వ తరానికి ముందున్న ఇంటెల్ ప్రాసెసర్లు, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, విండోస్ 11 జాబితాలో లేవు కాబట్టి ఆ వయసు బోర్డును సెకండ్ హ్యాండ్‌లో వెతికి వేయించడం వల్ల పెద్దగా కలిసిరాదు. ఎస్‌ఎస్‌డీ, యూపీఎస్, మంచి ఎస్‌ఎంపీఎస్ మీద పెట్టిన డబ్బు మాత్రం అలా పోదు. అవి చాలావరకు తరువాతి యంత్రానికీ పనికొస్తాయి. ఆఫీసుల నుంచి వచ్చే చిన్న క్యాబినెట్ సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో కొన్నిటికి ఎస్‌ఎంపీఎస్ ఆకారం, కనెక్టరు ఆ కంపెనీకే ప్రత్యేకం. వాటిని కొనేముందే విడి ఎస్‌ఎంపీఎస్ దొరుకుతుందో లేదో కనుక్కోవాలి.